తాటాకు గిడుగు

తెల్లవారుజాము మూడు.
భావనపాడు ఐసు ఫ్యాక్టరీలో
అమ్మోనియా వాసనకి కళ్లు మండుతున్నాయి.
రేకు డబ్బాల్లోంచి దిమ్మలు
ఈనిన దూడల్లా జారిపడుతున్నాయి
ఒళ్లంతా తడితో, పొగలతో.

మా మేనత్త దానెమ్మ
దిమ్మ చుట్టూ ఊక అద్దుతోంది
పసిగుంటకి నలుగు పెట్టినట్టు.
"ఊకుంటే మజ్జాన్నం దాకా ఆగుతాది.
లేపోతే టెక్కలి ఎల్లేలోగా నీరే."
నలభై ఏళ్లుగా ఆమెకు మంచంటే ఇంతే:
చేప కుళ్లేలోపు కరగకూడనిది.

నేను సంచిలోంచి సీసా తీశాను.
బొటనవేలంత సీసా, అడుగున నల్లటి మడ్డి.
స్పితి కొండల్లో
ఒక మంచునది వీపు మీద గీరి తెచ్చింది.

"మట్టా?"
"కాదత్తా. బతికున్నవి."

నవ్వలేదు. దీపం కిందకి జరిగి
రొయ్యపిల్లల్ని చూసినట్టు చూసింది.

చెప్పాను.
గాలి మోసుకొచ్చిన దుమ్ము మంచు మీద వాలుతుందనీ,
కంటికానని దారప్పోగుల్లాంటి ప్రాణులు
ఆ దుమ్ముని కుట్టుకుంటాయనీ,
మనవాళ్లు వల అల్లినట్టు, ముడి మీద ముడి,
ఆవగింజంత నల్లటి ఉండ అయ్యేదాకా.
నలుపు ఎండని తాగుతుంది.
ఉండ వెచ్చబడి
కింది మంచుని కొరుక్కుంటూ దిగిపోతుంది
తిన్నగా, గునపం దించినట్టు.
గుంత నిండా నీళ్లు. నీళ్లడుగున అదే ఊరు.
అలాంటి గుంతలు లెక్కపెట్టబోయి
నూట పన్నెండు దగ్గర వేళ్లు తిమ్మిరెక్కి మానేశాను.

ఇంకో జాతి ఉంది. నేరేడుపండు రంగు.
అక్కడి ఎండ మన ఎండ కాదు,
పైనించి ఒకటి, మంచు తిప్పికొట్టేది ఇంకొకటి.
ఆ దెబ్బకి చావకుండా
ఒంటి నిండా రంగు నింపుకుని...

"గిడుగేసుకున్నట్టా?"

ఐదేళ్లు చదివాను దీని గురించి.
ఈ మాట నాకు దొరకలేదు.

అవును, గిడుగే.
వానలో ఊడ్చే మనిషి వీపు మీది తాటాకు గిడుగు.
కాకపోతే దీని నీడన
నిలబడ్డ నేలే కరుగుతుంది.
తెల్లటి మంచు ఎండని గుమ్మంలోంచే పంపించేసేది,
ఈ మరక దాన్ని పిలిచి కూచోబెడుతుంది.
కరిగిన నీళ్లు తాగి పిల్లలు పెడుతుంది,
పిల్లలూ గిడుగులు కప్పుకుంటాయి.

"అయితే తప్పు దానిదేనంటావేటి?"

మా ల్యాబులో ఎవరూ అడగని ప్రశ్న.
ఎంత కరిగిందని అడుగుతాం, ఎన్నాళ్లలో అని అడుగుతాం.

బయట ఒక బోటు ఇంజిను దగ్గి దగ్గి అంటుకుంది.
ఉత్తరం గాలిలో పలాస పొగ,
కాలిన జీడితొక్కల చమురువాసన.
ఆ మసి ఏ కొండ మీద దిగుతుందో, అసలు దిగుతుందో లేదో
నాకు తెలీదు.
నా నోటుపుస్తకంలో 'ఎక్కడిది: తెలియదు' అన్న గడులు
కాస్త ఎక్కువే.

మా పాత ఇంటి రోలు సముద్రంలో ఉంది.
పోటు తీసినప్పుడు అంచు కనిపిస్తుంది.
అత్త ఒకసారి ఆ వైపు చూసింది, ఒకసారి సీసా వైపు.

"దాని మీద ఊక జల్లకూడదేటి?"

ఎక్కడో కొన్ని చోట్ల తెల్లటి దుప్పట్లు కప్పుతున్నారని చెప్పాను.
ఊక చేత్తో పట్టుకునే ఆలోచించింది.

"కప్పేస్తే మరి ఆటికి ఎండెలాగ?
ఏటి తిని బతుకుతాయి?"

నా దగ్గర జవాబు లేదు.
నీళ్లు కావాలి మనకి, మంచు కావాలి,
ఆ నల్లావాలకి ఎండ కావాలి.
ఈ మూడూ ఒకే తక్కెడలో
ఎలా తూచాలో ఇంకా ఎవరూ నేర్పలేదు.

వేటకెళ్లిన బోట్లు ఒడ్డెక్కుతున్నాయి, కేకలు.
దిమ్మ మీద పెట్టిన సీసా తీసుకున్నాను.
అది నిలబడ్డ చోట
నాణెమంత గుండ్రటి గుంట, అందులో చుక్క నీరు.
ఇందాకటి నుంచీ గుప్పిట్లో పట్టుకు తిరిగాను కదా,
నా చేతి వేడే.

అత్త ఏమీ అనలేదు.
గుంటలో చారెడు ఊక పోసి
గంప ఎత్తమంది.